నాలుగో జట్టుకు ఒక వరం

ఆ రోజుల్లో మా బంగారు గని కార్మికుల లైన్లలో పిల్లలకు సెలవంటే రెండే పనులు: గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద జారి నిక్కర్లు చింపుకోవడం, ఇంటికొచ్చి దెబ్బలు తినడం. నాకు ఆ రెండు భాగ్యాలూ లేవు. దిబ్బల దుమ్ము తగిలితే ఆయాసం వచ్చేది కాబట్టి నన్ను బడికి కూడా పంపలేదు. ఇంగ్లీషు నాయన, తెలుగూ లెక్కలూ అమ్మ, భక్తి అవ్వ పంచుకుని ఇంట్లోనే చదివించారు. (ముగ్గురినీ తలుచుకోకుండా ఈనాటికీ దీపం పెట్టను. పరీక్షలు లేని చదువు ఎంత గొప్ప వరమో బడికెళ్లినవాళ్లకు చెప్పినా అర్థం కాదు.)

ఒక సాయంత్రం పాత క్లబ్బులో సామాన్లు పారేస్తుంటే నాయన ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. లోపల గీతలు గీసిన అట్ట, రెండు పాచికలు, చిన్న ఇంగ్లీషు పుస్తకం. బల్ల మీద ఆడుకునే బేస్‌బాల్ అట! ఆ ఆటను మాలో ఎవరూ కంటితో చూసినవాళ్లు కారు. పక్కింటి పిల్ల సైరన్ (గనిలో షిఫ్టు సైరన్ మూగబోయినా లైన్లో ఆ లోటు తెలియనివ్వని గొంతు దానిది), ఎదురింటి కుష్కా (ముక్కల్లేని బిరియానీ కోసం ప్రాణమిచ్చే పిల్లవాడు) పరుగెత్తుకొచ్చారు. "కర్ర ఉండాది, బంతి ఉండాది. ఇంగేముంది, క్రికెట్టే కదప్పా!" అని కుష్కా తేల్చేశాడు. కాదని చెప్పడానికి నేను నిఘంటువు ముందేసుకుని పుస్తకం చదవాల్సి వచ్చింది. రోజూ "మా మిస్సు చెప్పినాది" అంటూ నన్ను చంపుకుతినే ఆ ఇద్దరూ, మొదటిసారి నా మొహం చూసి "ఇప్పుడేం చెయ్యాల?" అని అడిగారు. ఆ రుచి మరిగాను.

లీగ్ పెట్టుకున్నాం. కనీసం నాలుగు జట్లుండాలని పుస్తకం అంటే అవ్వను లాక్కొచ్చాం. జట్లకు మా చుట్టుపక్కల పేర్లే పెట్టాం. మాలూరు ఇటికలు సైరన్‌వి, క్యాసంబళ్ళి ఎనుములు కుష్కావి, గని ఎలుకలు నావి, మాస్తి ముద్దలు అవ్వవి. గెలిచినవాళ్లు మళ్లీ సెలవులు వచ్చేదాకా పెట్టెను తమ ఇంట్లో ఉంచుకోవచ్చు. ఇదీ పందెం. మిగతావాళ్లకు అది పెట్టె. నాకు మాత్రం సాయంత్రం మా గడప తొక్కే నాలుగు పాదాలు. పెట్టె పోతే వాళ్లెందుకొస్తారు?

చిన్నప్పటి నుంచీ గవ్వలాడిన చెయ్యి అవ్వది. హోం రన్ (ఒక్క దెబ్బకు మైదానం చుట్టొచ్చి మళ్లీ ‘ఇల్లు’ చేరే పరుగు) మీద హోం రన్ వేసి పట్టికలో మొదట నిలిచింది. "ఇంటికొచ్చేదానికి ఇంత పరుగెందుకే, నిదానంగా రాకూడదా?" అని బోసినోటితో నవ్వేది. రెండు సైరన్, మూడు కుష్కా. నాలుగు ఎవరో చెప్పనక్కర్లేదు. పోనీ, అవ్వ గెలిస్తే పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది కదా అనుకున్నాను. అవ్వేమో, "నాకెందుకు తల్లీ ఇది? గెలిస్తే ఆ సైరన్‌కే ఇచ్చేస్తా. అది వాళ్లింట్లో కూర్చోని ఆడుకుంటే మన చెవులన్నా మిగుల్తాయి" అంది.

ఇంక ప్లేఆఫ్, అంటే విజేతను తేల్చే చివరి ఆటలు. నియమాలేమిటో చూద్దామని పుస్తకం చివరికి వెళితే ఆ కాగితమే లేదు. నా లోపల ఏదో దుష్టశక్తి గొంతు సవరించుకుంది. "నాలుగో జట్టుకు ఒక వరం ఉంది," అన్నాను, వేలితో వేరే పేజీలో ఏదో గీత చూపిస్తూ. "అది నేరుగా మొదటి జట్టును సవాలు చేయొచ్చు. గెలిస్తే ఫైనల్‌కే."

"సుమ్నే ఊరికే కతలు చెప్పొద్దు! యాడుండాది?" సైరన్ మోగింది. "దీపం ముట్టి చెప్పు!"

దీపం దగ్గర నిలబడ్డాను. నిజం చెప్పేముందు నుదుట విభూతి పెట్టుకోవాలని అవ్వ నేర్పింది కాబట్టి, దీపం పక్కనున్న పొట్లం విప్పి మూడు వేళ్లతో దట్టంగా పులుముకున్నాను. దీపం కుంది ముట్టి, "నేను చెప్పినదానికి ఎదురు మాట ఈ పుస్తకంలో ఒక్కటి కూడా లేదు" అన్నాను. అక్షరాలా నిజం! ఏ వకీలుకూ తట్టని మాట నాకు తట్టించినందుకు దేవుడికి లోలోపల కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను.

ఆ రోజు పాచికలు అవ్వ మాట వినలేదు. మాస్తి ముద్దలు చిత్తుగా ఓడిపోయాయి. "ఇంగేం, పుస్తకంలో ఉంటే పోవాల్సిందే" అని అవ్వ లేచి నిజమైన ముద్ద కలపడానికి వెళ్లింది. రాగిముద్దను నమలరు, మింగుతారు. ఆ పూట నాకది దిగలేదు.

మర్నాడు ఫైనల్, నేనూ సైరనూ. ముందురోజు సైరన్ చేతిలో ఓడిన కుష్కా అంపైరు. న్యాయం చెప్పేవాడు శుద్ధంగా ఉండాలని విభూతి పొట్లం అందుకున్నాడు. అడుగున మిగిలిన చిటికెడు దులిపి, కాగితం వెలుగుకు పట్టి చూశాడు.

"ఇదేందప్పా, విభూతిలో ఇంగ్లీషు ఉండాది! పీ... ఎల్... ప్లే... ప్లేఆఫ్!"

కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. ఫైనల్ ఆడేది మొదటి రెండు జట్లు మాత్రమేనట. వరాలూ శాపాలూ ఏమీ లేవు.

"అదా?" అంది అవ్వ తాపీగా. "గుడినుంచి విభూతి తెచ్చి, కట్టేదానికి కాగితం లేక ఆ పుస్తకంలో చింపితి. బొమ్మ కూడా లేని కాగితం, ఎవురికి కావల్ల అనుకుంటి."

తన ఫైనల్‌ను తానే చింపి పొట్లం కట్టిందన్నమాట! నేను ఆ పొట్లంలోంచే విభూతి తీసి పెట్టుకుని, ఆ నియమం సాక్షిగానే అది లేదన్నాను. సైరన్ నోరు తెరిచింది. లైన్ చివరి ఇంటిదాకా వినిపించింది. "దొంగముండ! దీపం ముట్టి అబద్ధం చెప్పినాది!"

"మా పిల్ల అబద్ధం చెప్పలేదు," అంది అవ్వ. "పుస్తకంలో లేదనింది, లేదు కదా? దేవుని దగ్గర ఉండాది." ఆ తర్వాత నా చెవి పట్టుకుని ఎంత మెలిపెట్టిందంటే, ఆవిడకు మొదట్నుంచీ ఎంత తెలుసో ఆ మెలికలోనే తెలిసింది.

ఫైనల్ అవ్వా సైరనూ ఆడారు. సైరన్ గెలిచి పెట్టె ఎత్తుకుపోయింది. ఆ రాత్రి తలగడ తడిసింది. మర్నాడు సాయంత్రం గోడ అవతలినుంచి సైరన్ మోగింది: "ఏమే! రావా ఇంగ? నువ్వు లేకుండా ఈ పుస్తకం చదివేదెవురు? ఈసారి పేజీలన్నీ ఎంచి పెట్టినాలే!" ఆయాసం వస్తుందని అమ్మ అనేలోపే అవ్వ నన్ను గడప దాటించింది. ఆడుకోవడానికి నేను ఇంకొకరి ఇంటికి వెళ్లడం అదే మొదలు. ఓడిపోకపోతే ఆ నాలుగడుగులు ఎప్పటికి వేసేదాన్నో!

అవ్వ ఇప్పుడు లేదు. ఆ పెట్టె మాత్రం సైరన్ దగ్గరే ఉంది, దాని గొంతులాగే చెక్కుచెదరకుండా. నాకు జుట్టు నెరిసింది, భక్తి కాస్త ముదిరింది. అయినా గుడిలో ఎవరైనా విభూతి పొట్లం చేతిలో పెడితే, ముందు కాగితం రెండు వైపులా చదివి, ఆ తర్వాతే నుదుట పెట్టుకుంటాను. పూజారిగారు దాన్ని నా శ్రద్ధ అనుకుంటారు.