కాచిగూడ నుంచి ఎడారికి ఆరు సీసాలు

జులై మొదటి వారంలో ఒక మంగళవారం సాయంత్రం మలక్‌పేట నుంచి రిక్షాలో కాచిగూడ స్టేషన్ చేరుకున్నాను. అజ్మీరు వెళ్లే మీటరుగేజి బండిలో రెండో తరగతి బెర్తు దొరికింది. నా ఒడిలోని చెక్కపెట్టెలో ఆరు గాజుసీసాలు. వాటిలో చక్కెర కలిపిన జెల్లీ మీద మా ప్రయోగశాల పెంచిన హొహొబా మొక్కలు. జోధ్‌పూర్ సమీపంలోని ప్రయోగక్షేత్రానికి వాటిని ప్రాణంతో అప్పగించడమే నా పని.

హొహొబా ఎడారి పొద. దాని గింజలో దాదాపు సగం నూనె అంటాం గాని, పరీక్షిస్తే అది ద్రవరూపంలోని మైనం. ఏళ్ల తరబడి నిల్వ ఉన్నా చెడువాసన పట్టదు. ఆడ పొదలే కాస్తాయి. ఐదు సీసాల్లో మేలైన నూనె ఇచ్చిన ఒకే ఆడ పొద కణజాలం నుంచి పెంచిన మొక్కలున్నాయి. ఆరోదానిలో, దానితోపాటే పూసే మగ పొద మొక్కలు మూడు. ప్రయోగశాలలో మగవాటి మిగతా సీసాలన్నీ బూజు పట్టి పోయాయి. ఈ మూడూ పోతే ఆడ మొక్కలు ఎంత ఎదిగినా గింజ కట్టవు.

ఎదురు బెర్తుల్లో సంతోష్‌నగర్‌లో పాల వ్యాపారం చేసే మల్లయ్య, ఆయన భార్య యాదమ్మ. అజ్మీరు దర్గాలో మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నారు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం నాకూ పెట్టారు.

మరునాడు ఉదయం అకోలాలో, పెట్టెను చూస్తుండమని యాదమ్మకు చెప్పి నీళ్లకు దిగాను. తిరిగి వచ్చేసరికి మగ మొక్కల సీసా మూత ఆమె చేతిలో ఉంది.

"లోపల చెమటలు వడుతున్నయి సారూ. ఊపిరాడక సస్తయేమోనని జర గాలి వెట్టిన."

మూత బిగించినా ఇక ఫలితం లేదు. దుమ్ములోని బూజు రెండు రోజుల్లో ఆ జెల్లీని అల్లుకుంటుంది. కోపం అణచుకుని అదే చెప్పాను.

"అంటే కాగిన పాలల్ల తోడు వడ్డట్టే గదా," అంది. "ఇగ ఆగదు."

"పాలగిన్నెల మూతల కాడ రోజూ నన్ను తిడ్తది," అన్నాడు మల్లయ్య. "గీమె చేతికే ఇచ్చిండ్రు సారూ." యాదమ్మ నవ్వలేదు.

మొక్కలకు వేర్లున్నాయి. సీసా నుంచి ఇసుకలోకి మార్చడం ఎడారిలో వారం తర్వాత చేయవలసిన పని; దాన్ని దారిలోనే చేయాలని నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నం ఖండ్వాలో బండి చాలాసేపు ఆగింది. మంటలార్పే ఎర్రబకెట్టు నుంచి ఇసుక అడిగి తీసుకుని, అందులోని బూజు చావడానికి టీ దుకాణం వారి మరిగే నీళ్లు పోశాను. చల్లారాక మూడు మట్టి ముంతలు నింపి, వేర్లకంటిన జెల్లీ కడిగి, మొక్కలు నాటి, ప్లాస్టిక్ సంచులు కప్పాను. సీసా తేమలో పెరిగిన ఆకుల మీద మైనపు పొర ఉండదు. గింజనిండా మైనం దాచే పొదకు ఆకును కాచుకునేంత మైనం లేదు. ఆ పొర కట్టుకోవడం అది పొడిగాలిలోనే నేర్చుకోవాలి.

కుదుపులకు ముంతలు ఒరగకుండా ఎవరో పట్టుకోవాలి. నా ఒడిలో పెట్టె ఉంది. యాదమ్మ చేయి చాపలేదు. నేనే అందించాను. వాటికి ఎండ తగలకుండా కొంగు అడ్డుపెట్టి, ఆమె అజ్మీరు వరకు నడుము వాల్చలేదు.

అక్కడి నుంచి జోధ్‌పూర్‌కు బస్సు. క్షేత్రంలోని నీడపందిరి కింద మొదటి రోజే ఒక మగ మొక్క వాడింది, తర్వాత మరొకటి. మూడోది, నేను బయలుదేరే ముందు, బూడిదరంగు కొత్త ఆకు వేసింది. గాలికి పుప్పొడి పంచే మొక్క కాబట్టి ఒక్కటితో ఆరంభించవచ్చన్నారు అక్కడి అధికారి.

తిరుగు ప్రయాణమంతా ఆ రెండింటి గురించే ఆలోచించాను. మూత వారం ముందు తెరుచుకుంది. ఆ వారం ఖరీదెంతో నా లెక్కకు అందలేదు. కాచిగూడలో దిగి, ప్రయోగశాలకు వెళ్లకుండా, మల్లయ్య ఇల్లు వెతుక్కుంటూ సంతోష్‌నగర్ బస్సెక్కాను.

రెండు పోయి ఒకటి బతికిందని విన్నాక యాదమ్మ అడిగింది: "ఆ రెండు నా వల్లనే పోయినయా సారూ?"

మూత తీయకున్నా ఇసుకకు మార్చేటప్పుడు కొన్ని పోతాయని, ఇవి ఎందుకు పోయాయో నాకు తెలియదని ఉన్నమాట చెప్పాను.

ఆమె అంది: "మల్ల తీస్కపోయేటప్పుడు నాకు జెప్పుండ్రి. పట్టుకొని కూసుంట. మూత ముట్ట."