కొండబాబు చూసిన సముద్రం

కొత్తగా ఉద్యోగంలో చేరి, లోకంలో నాకు తెలియనిది లేదనుకుంటున్న ఆ రోజుల్లో నేను చేసిన పొరపాట్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటి మాత్రం ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొచ్చి ముద్ద దిగనివ్వదు. జన్మలో సముద్రం చూడని మనిషికి కృష్ణ పాయను చూపించి, ఇదే సముద్రమని చెప్పాను. అతను నమ్మి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తప్పును మా పిన్ని మీదకీ, మావయ్య మీదకీ, అత్తయ్య మీదకీ, చివరికి దోసకాయ పప్పు మీదకీ నెట్టొచ్చు (చాలాకాలం నెట్టాను కూడా). కానీ నోరు నాది, అబద్ధమూ నాదే.

హైదరాబాదులో నా పక్క గదిలో ఇద్దరు నేపాల్ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరూ మా ఆఫీసే. ఒకడు తిండిపుష్టి గలవాడు. రెండోవాడు సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. అతని ఊరు ఎక్కడో కొండల మధ్య, బస్సు దిగి చాలాసేపు ఎక్కితే గానీ రాదట. కాంట్రాక్టు అయిపోయి ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోతున్నారనగా ఆ సన్నటివాడు నన్ను అడిగాడు: "మీ వైపు సముద్రం ఉందంటావు కదా, ఒక్కసారి చూపించవా? మా అమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు. అక్కడి నుంచే ఫోన్‌లో చూపిస్తానని మాటిచ్చాను." ఆదివారం రాత్రి విజయవాడలో వాళ్ళ రైలు. శని, ఆదివారాలు రెండూ మనవే. దివిసీమ చివర పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, జనం లేని బీచ్ చూపిస్తానని ఛాతీ విరుచుకున్నాను. ముగ్గురి జేబులూ అంతంతమాత్రమే కాబట్టి హోటళ్ళ ఊసే లేదు. దారి పొడుగునా మా చుట్టాలే కదా, వాళ్ళ ఇళ్ళలో ఆగుదాం అన్నాను. నా నెత్తిన నేనే రాయి వేసుకున్నది ఆ క్షణంలోనే.

శనివారం పొద్దున్నే గుడివాడలో పిన్ని ఇంటికి చేరాం. స్నానాలూ పెసరట్లూ అయ్యాక బ్యాగులు భుజాన వేసుకుంటే పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పరాయి దేశం పిల్లల్ని టిఫిన్‌తో పంపిస్తానేంట్రా? భోంచేసి వెళ్ళండి."

"పిన్నీ, సముద్రం చూడాలి..."

"సముద్రం ఎక్కడికీ పోదు. పప్పు చల్లారిపోద్ది. కూర్చో!"

కూర్చున్నాం. సన్నటివాడి పేరు నోరు తిరగక, కొండల్లోంచి వచ్చాడు కాబట్టి పిన్ని అతనికి కొండబాబు అని పేరు పెట్టేసింది. పాపం, కొండబాబు హైదరాబాదులో మర్యాదగా నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. వాటిలో ఒకటి 'చాలండీ'. మా వైపు మొదటి 'చాలండీ' మొహమాటం కింద లెక్క, రెండోది మర్యాద కింద లెక్క. విస్తరి మీద అడ్డంగా పడుకుంటే తప్ప మూడోదాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఈ సంగతి అతనికి ముందే చెప్పకపోవడం నా తప్పు. అతను 'చాలండీ' అన్నప్పుడల్లా పిన్ని ఇంకో గరిటె వేసింది. రెండోవాడు ఏమీ అనకుండా అన్నీ తిన్నాడు. సాయంత్రానికి బయటపడ్డాం. అప్పటికే పిన్ని బందరులో మావయ్యకి ఫోన్ చేసింది, మావయ్య కోడూరులో అత్తయ్యకి చేశాడు. ఒక ఇంట్లో తిని రెండో ఇంటి ముందు నుంచి దాటిపోతే మా వాళ్ళకి అది తరతరాలు చెప్పుకునే అవమానం. మా బస్సు కంటే వాళ్ళ ఫోన్లు ముందు నడిచాయి.

బందరులో దిగేసరికి మావయ్య స్టాండులో నిలబడి ఉన్నాడు. ఆయనకి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని. రాత్రి భోజనాలయ్యాక లడ్డూల పళ్ళెం వచ్చింది. రెండోవాడు పళ్ళెం ఖాళీ చేసి, అప్పటి నుంచి లడ్డూ అనే పేరుతో స్థిరపడ్డాడు. మర్నాడు పొద్దున మావయ్య అన్నాడు: "అంత దూరం ఎందుకురా? మంగినపూడి పక్కనేగా. ఆటోలో తీసుకెళ్ళి చూపించేయ్." అప్పుడు నా నోటికి తాళం పడుంటే ఈ కథే లేదు. "అది అందరూ చూసేదే మావయ్యా. నేను చూపించేది వేరే" అన్నాను (ఫోటోల్లో వెనకాల జనం కనపడకూడదని నా బాధ). సరేనని ఆయన మమ్మల్ని తన పనిచోటుకి తీసుకెళ్ళి, కొండబాబు అమ్మకి ఒక గొలుసు ఇచ్చాడు. ఇస్తూ, "బంగారం కాదు బాబూ, ముందే చెప్తున్నా. ఆవిడకీ చెప్పు" అన్నాడు. కొండబాబు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేను వాచీ చూసుకున్నాను.

కోడూరులో అత్తయ్య పండుగప్ప పులుసూ, రొయ్యల వేపుడూ చేసి, చుట్టుపక్కల వాళ్ళని కూడా పిలిచి కూర్చుంది. "అత్తయ్యా, టైమ్ లేదు, ముందు సముద్రం చూసొస్తాం" అంటే, "చేప ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? సముద్రం నుంచేగా! తిను" అంది. ఇంకేం వాదిస్తాం? తిన్నాం. లడ్డూ తిని, వరండాలో మంచం మీద వాలి గుర్రు పెట్టాడు. కొండబాబు మాత్రం గుమ్మంలో నిలబడి, చేతిలో ఫోన్ పట్టుకుని, పొద్దు వాలడం చూస్తున్నాడు. నా వంక చూడలేదు. అదే నాకు ఎక్కువ మండింది. లడ్డూని లేపి, ఆటో ఎక్కించి, గట్టు మీదకి వచ్చేసరికి ఆటో అబ్బాయి బండి నెమ్మది చేశాడు.

"చీకటి పడ్డాక అటు పోనివ్వరండీ. ఇప్పుడెళ్ళినా వెనక్కి పంపేస్తారు. మీకు రైలుందన్నారు కూడా."

ఎడంపక్కన కృష్ణ పాయ వెడల్పుగా, మసక వెలుతుర్లో మెరుస్తూ ఉంది. "ఆపు" అన్నాను. "ఇదే" అన్నాను.

కొండబాబు చెప్పులు విప్పి దిగాడు. నీళ్ళు చేత్తో తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. పోటు నీరు పైకి తన్నే చోటు కాబట్టి కాస్త ఉప్పగానే తగిలినట్టుంది. "నిజంగానే ఉప్పు!" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాకైనా నిజం చెప్పాల్సింది.

"అవతల ఆ చెట్లేంటి?" అన్నాడు లడ్డూ.

"దీవి."

"మరి ఆ గేదె?"

నిజంగానే ఒక గేదె నీళ్ళలోంచి తీరిగ్గా లేచి గట్టెక్కుతోంది. "మా వైపు గేదెలు సముద్రంలో కూడా పడుకుంటాయి" అన్నాను. ఆటో అబ్బాయి నా మొహంలోకి చూసి, "ఏదో ఒకటిలెండి" అని పక్కకి తిరిగాడు. అప్పటికే కొండబాబు అమ్మకి వీడియో కాల్ చేశాడు. తెరలో ఒక ముసలావిడ, తల మీద ముసుగు సర్దుకుని, ఏటికి రెండు చేతులూ జోడించింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. పండక్కీ పబ్బానికీ కొండబాబు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ వెనక నుంచి ఆవిడ అడిగేది, అతను నాకు మార్చి చెప్పేవాడు: "మీ సముద్రం బాగుందా?" బాగుందమ్మా అనేవాణ్ణి. కొన్నేళ్ళు అలా అని అని, ఒకసారి ఇక అనలేక కొండబాబుకి నిజం చెప్పేశాను. "నాకు చెప్పావు, సరే. మా అమ్మ సముద్రం చూశానని ఊరంతా చెప్పుకుంది. ఆవిడకి నువ్వే చెప్పాలి" అని పెట్టేశాడు. అది ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. తల్లీకొడుకులిద్దరికీ టికెట్లు నేనే తీసి రమ్మన్నాను.

ఈ శీతాకాలం వచ్చారు. విజయవాడ స్టేషన్ నుంచి కారులో, నా ఫోన్ ఆపేసి, గుడివాడ వైపు గానీ బందరు వైపు గానీ తల తిప్పకుండా, కోడూరులో అత్తయ్య వీధి రాగానే సీట్లో కిందకి జారి కూర్చుని, తిన్నగా పాలకాయతిప్ప తీసుకెళ్ళాను. ఆవిడ మెడలో మావయ్య ఇచ్చిన గొలుసు ఉంది. అల వచ్చి పాదాలు తడపగానే కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అలా ఉండగానే, ఆ రోజు చూపించింది ఇది కాదనీ, అది ఒట్టి ఏరనీ, క్షమించమనీ చెప్పాను. కొండబాబు తల దించుకుని ఆవిడకి వాళ్ళ భాషలో చెప్పాడు. ఆవిడ సముద్రాన్ని అంచు నుంచి అంచుకి చూసి ఏదో అంది. ఫోన్‌లో నేను నిజం చెప్పిన తర్వాత మొదటిసారి కొండబాబు ఫక్కున నవ్వాడు.

"ఇది మరీ పెద్దదట. దరీ దాపూ లేదట. అదే బాగుందట, అవతల చెట్లు కనపడేవి, గేదె కూడా ఉండేది అంటోంది. అది కూడా చూపించమంటోంది."

చూపించాను. "ఇది ఏరమ్మా" అని ఈసారి ముందే చెప్పాను. ఆవిడ దానికీ దణ్ణం పెట్టుకుంది. అప్పుడు ఫోన్ ఆన్ చేశాను. చెయ్యగానే మోగింది. ఆ గట్టు మీద ఎవరు చూసి చెప్పారో గానీ, అత్తయ్య.

"ఏరా, మా వీధిలోంచే దాటుకుని పోతావా? పెద్దావిణ్ణి వెంటబెట్టుకుని?"

"వస్తున్నాం అత్తయ్యా. అన్నం పెట్టు" అన్నాను. ఆ మాట నేనే అడగడం బహుశా అదే మొదటిసారి. పీటలు వేసింది. పులుసు గరిటె రాగానే పెద్దావిడ, కొడుకు నేర్పినట్టుంది, "చాలండీ" అంది. అత్తయ్య సంతోషంగా ఇంకో గరిటె వేసింది. ఒకప్పుడైతే నేను వాచీ వంక చూసి పళ్ళు నూరుకునేవాణ్ణి. ఇప్పుడు నా పళ్ళెం కూడా ముందుకి జరిపాను.