మిర్యాలగూడలో మోగిన ఫోన్

మిర్యాలగూడ బస్టాండు ఎదురు సందులో సైదయ్య దుకాణమంటే చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఒక నమ్మకం. వేములపల్లిలో ఏళ్ల తరబడి రేడియోలు బాగుచేసిన మనిషి. వాటిని వినేవాళ్లు తగ్గాక సెల్‌ఫోన్లలోకి దిగాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, నరసింహస్వామి పటానికి దండం పెట్టి, గడప పక్కన కుండ నింపి గ్లాసు బోర్లించేవాడు. బస్సుల కోసం నిలబడ్డవాళ్లు అడగకుండానే వచ్చి తాగిపోయేవాళ్లు.

పాత ఫోన్ అమ్మేముందు అతనిదొక పద్ధతి. బ్యాటరీ తీసి, దాని కింద అంటించిన చీటీ చదువుతాడు. ఆ ఫోన్ ఏయే బ్యాండ్లు, అంటే ఏయే రకం టవర్ల సిగ్నల్, పట్టుకుంటుందో ఆ చీటీ మీద ఉంటుంది. సూర్యాపేటలో అతనికి ఈ పని నేర్పిన ధర్మేందర్, వయసులో చిన్నవాడే అయినా, గట్టిగా చెప్పి పంపాడు. "సర్కారు సిమ్‌కు తొమ్మిది వందల బ్యాండ్ ఉండాలె అన్నా. పద్దెనిమిది వందలది టౌన్ల టవర్లకే. పల్లెల టవర్లన్నీ తొమ్మిది వందలవే. అది లేని ఫోన్ పల్లెటూరోళ్లకు అంటగట్టకు."

రెండువేల ఏడు వానకాలంలో నిడమనూరు పక్క పల్లె నుంచి పద్మమ్మ వచ్చింది. గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది. కోదాడలో తమ్ముడి దగ్గరున్న తల్లి మంచం పట్టింది.

"ఏదన్నయితే తమ్ముడు ఫోన్ జేస్తడు. నాకు నొక్కుడు రాదు తమ్మీ. మోగితే ఎత్తుత, గంతే."

విదేశం నుంచి ఎవరో తెచ్చి వదిలించుకున్న ఫోన్ ఒకటి నెలరోజులుగా అద్దాల పెట్టెలో పడి ఉంది. సైదయ్య దాని బ్యాటరీ తీసి చీటీ చూశాడు. ఎనిమిది వందల యాభై ఉంది, పద్దెనిమిది వందలు ఉంది, పంతొమ్మిది వందలు ఉంది. తొమ్మిది వందలు లేదు. చెయ్యి ఆగింది. బయట నిడమనూరు బస్సు హారన్ కొడుతోంది. సర్కారు సిమ్ వేసి చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. తన ఫోన్‌తో కొడితే మోగింది. ఆ మోతకు పద్మమ్మ చిన్నపిల్లలా నవ్వింది. మోగుతోంది కదా అనుకొని సైదయ్య మూత పెట్టి ఆమెకు అమ్మేశాడు.

మూడు వారాలకు ఆమె మళ్లీ వచ్చింది. ఫోన్ బల్ల మీద పెట్టి, తప్పు చేసినదానిలా ఒదిగి నిలబడింది.

"జర సూడు తమ్మీ. ఏదో నొక్కి ఖరాబ్ చేసినట్టున్న."

"ఏమైందక్కా?"

"అమ్మ పోయింది." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆనాడు పొద్దుగాల్నుంచి మా తమ్ముడు రామనర్సయ్య కొడ్తనే ఉన్నడట. అందుబాట్ల లేదు, అందుబాట్ల లేదనే వచ్చిందట. తెల్లారి మనిషి వచ్చి చెప్పిండు. నేను పొయ్యేసరికి పాడె కట్టిండ్రు. చాకిరి మీద పడ్తదని ఫోన్ బంద్ పెట్టుకున్నవని తమ్ముడు నలుగుర్ల అన్నడు. అప్పటిసంది మాట్లాడ్తలేడు. గొర్ల కాడ గూడ కొంగుకు కట్టుకొనే తిరిగిన తమ్మీ, ఒక్కనాడన్న మోగలే. రేపు దినాలు. ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

సైదయ్య ఫోన్ అందుకున్నాడు. మిర్యాలగూడలో టౌన్ టవర్ కాబట్టి గీతలు నిండుగా ఉన్నాయి. పద్మమ్మ తొంగిచూసింది.

"గీడ మంచిగనే సూపెడ్తుంది గద! అయితే తప్పు నాదే."

"మీటలు ఒత్తుకుపోయినయేమో అక్కా." ఆ మాట దానంతటదే వచ్చినట్టు వచ్చేసింది.

"అంతే అయ్యుంటది. సదువు రానిదాన్ని. నిన్ను ఊకె పరేషాన్ జేసిన." వెళ్తూ కుండలో నీళ్లు తాగింది. గ్లాసు కడిగి, నీటుగా బోర్లించి మరీ పోయింది.

ఆ సాయంత్రం నరసింహస్వామి పటం ముందు దీపం ముట్టించకుండానే సైదయ్య షట్టర్ దించేశాడు.

మర్నాడు షట్టర్ ఎత్తలేదు. చీటీ రెండుసార్లు చదివిన మంచి ఫోన్ ఒకటి జేబులో వేసుకొని కోదాడ బస్సెక్కాడు. ఒక ముసలాయన జరిగి సగం సీటు ఇచ్చాడు. ఎటు పోతున్నవని అడిగాడు. దినాలకు అన్నాడు సైదయ్య. "మీ వాళ్లా బిడ్డా?" అంటే మాత్రం కిటికీ వైపు తిరిగాడు.

కోదాడలో దినాల ఇల్లు అడుగుతూ చేరేసరికి షామియానా కింద రామనర్సయ్య గుండుతో కూర్చుని ఉన్నాడు. పద్మమ్మ వెనకగోడ వారగా, ఒక్కతే ఎల్లిపాయలు ఒలుస్తోంది. సైదయ్య నిలబడే చెప్పాడు.

"మీ అక్క ఫోన్ బంద్ పెట్టలేదయ్యా. నేనే అమ్మిన దాన్ని. అది టౌన్లనే పనిచేస్తది, వాళ్ల ఊరి టవర్‌ను పట్టుకోదు."

"ఫోన్ల షాపాయన పెద్దకర్మకొచ్చి గ్యారంటీ ఇస్తున్నాడ్రోయ్!" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రామనర్సయ్య నవ్వలేదు. "తెలియక అమ్మారా అండీ, తెలిసే అమ్మారా?"

"చీటీ చదివిన. తెలిసే అమ్మిన."

పద్మమ్మ చేతిలో ఎల్లిపాయ ఆగిపోయింది. "మీటలు ఒత్తుకుపోయినయంటివి గద నిన్న?"

"అబద్ధం చెప్పినక్కా."

ఆమె అతన్ని తిట్టలేదు. చూసిన చూపు కూడా వెంటనే దించుకుంది. రామనర్సయ్య లేచి వెళ్లి, అక్క పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఆమే అడిగింది.

"అమ్మ ఏమన్నదిరా?"

"మధ్యాహ్నం దాకా తెలివిలోనే ఉందే. బస్సు చప్పుడైనప్పుడల్లా పద్మ వచ్చిందేమో చూడమంది. నీకు కలవట్లేదని చెప్పలేక ఫోన్ చెవికి పెట్టుకుని, అక్క బయల్దేరింది, దగ్గర్లోనే ఉందని చెప్పా. చెప్పినప్పుడల్లా, పద్మ వస్తోందిగా, నా తల దువ్వమంది."

పద్మమ్మ తమ్ముడి గుండు మీద చెయ్యి వేసి, ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఏడ్చింది.

సైదయ్య తెచ్చిన ఫోన్ చాప అంచున పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తల దువ్వమన్న మాట చెవిలో తిరుగుతుంటే అక్కడే ఎండలో నిలబడిపోయాడు. పొమ్మని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.