రెండోసారి అడిగితే

ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం విశాఖ నుంచి రాత్రంతా బస్సులో వచ్చి ఎల్బీనగర్‌లో దిగేసరికి, హారన్ల మోతకు తల పగిలిపోతోంది. నాకు ఆటిజం ఉంది. అలసిపోయి ఉన్నప్పుడు ప్రతి చప్పుడూ దెబ్బలా తగులుతుంది. ఎలాగో కొత్తపేటలో స్నేహితురాలి ఇంటికి చేరాను. అది డ్యూటీకి వెళ్లిపోయింది. వాళ్లమ్మ ఒక్కతే ఉంది.

వెళ్లగానే ఆంటీ వేడివేడి అన్నం పెట్టింది. చాలన్నాను. పప్పు వేసింది. వద్దన్నాను. ఇంకో గరిటె పడింది. చెయ్యి అడ్డం పెడితే, "మొగమాటమేంది బిడ్డా, తిను" అంటూ వేళ్ల పక్కనుంచి వడ్డించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఆంటీ, నాకు ఆటిజం ఉంది. నేను వద్దన్నానంటే నిజంగానే వద్దు. మీరు వినకపోతే ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి నా ఎదురుగా కూలబడింది.

"మా నల్లగొండ దిక్కు ఎవ్వరైనా మొదలు వద్దనే అంటరు బిడ్డా. మళ్ల అడగకపోతే మనసుల పెట్టుకుంటరు. నువ్వు గట్ల కాదని నాకెట్ల ఎరుక?"

ఇన్నేళ్లూ ఎవరింటికి వెళ్లినా నా మాట వినిపించుకోరనే అనుకున్నాను. ఇలా ఎవరూ విడమరిచి చెప్పలేదు.

"మీరు తిన్నారా ఆంటీ?"

"నాకు ఆకలి లేదు. నువ్వు తిను."

మామూలుగా అయితే అక్కడితో ఊరుకునేదాన్ని. పైగా మాట్లాడే ఓపిక కూడా లేదు. అయినా అడిగాను.

"రండి ఆంటీ, మీరూ తినండి."

ఆమె లేచి కంచం తెచ్చుకుంది.