సూరమ్మ తిప్ప, రాజుగారి గట్టు

అలల చప్పుడు చెవిలో పడేంత దగ్గరగా, ఇసక మీదే గుడారం వేసుకోవాలని, అదీ జేబుకి చిల్లు పడకుండా జరగాలని కోరుకునేవాళ్లు నర్సాపురం స్టేషన్లో దిగి ఎవరిని అడిగినా నా పేరే చెబుతారు. సుధాకర్ ఆటో అంటే చాలు. ఇంటర్ రెండో ఏడాదిలో కాలేజీకీ నాకూ మాట పడక విడిపోయాం. నష్టపోయింది కాలేజీయే. పేరుపాలెం నుంచి ఏటి మొగ దాకా ఎక్కడ ఇసక పరుపులా ఉంటుందో, ఎక్కడ ఎండ్రకాయలు కాలి బొటనవేలు పట్టుకుని క్షేమసమాచారాలు అడుగుతాయో కళ్లు మూసుకుని చెప్పగలను.

ఎంత తిప్పినా చివరికి నేను బేరాలని దింపేది సూరమ్మ తిప్ప దగ్గరే. మా పల్లిపాలెం చివర, సరుగుడు చెట్ల పక్కన, చుట్టుపక్కల నేలకంటే నిలువెత్తు లేచిన ఇసక దిబ్బ అది. ముందు సముద్రం, పక్కనుంచి వెనక్కి వంపు తిరిగిన మురుగుకాలువ. ఆ కాలువ సముద్రంలో కలిసేచోటుని మొగ అంటాం. తిప్ప మీద సూరమ్మకి ఒక తాటాకు పాక, రెండు పొయ్యిలు, ఒక బోరింగు ఉండేవి. గుడారం మీరు తెచ్చుకుంటే స్థలానికి రెండొందలు. ఆవిడదైతే నాలుగొందలు. చేపల పులుసు, అన్నం ఆవిడ చెప్పిన వేళకే తినాలి. ఆ పులుసు పొంగు వచ్చే వేళకి నర్సాపురం రైలు స్టేషన్లో ఆగకుండా నేరుగా సముద్రం వైపు రాబోయిందనీ, గార్డు బలవంతాన ఆపాడనీ నేను చెబితే కొందరు నమ్మరు. వాళ్లు ఆ పులుసు తినలేదన్నమాట.

సూరమ్మకి యాభై ఎనిమిదేళ్లు. తిన్నది మరిచిపోతుందేమో గాని పడ్డ మాట మరిచిపోదు. పెళ్లైన కొత్తలో మొగుడు సత్తియ్య చుట్టాల ముందు కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఆ పూట నుంచి ఆయన కంచంలోకి ఉప్పన్నది రాలేదు. పెద్దవాడు పుట్టేదాకా అలాగే సాగిందట. వేటకి వెళ్లినప్పుడు సముద్రంలో చెయ్యి ముంచి నాక్కుని ప్రాణం నిలబెట్టుకున్నాడని నేనంటే సత్తియ్య ఇప్పటికీ కాదనడు. ఇంకోసారి ఒక బస్సు కండక్టరు కంపని ఆవిడ చేపల బుట్టని రోడ్డు మీద దింపేశాడు. మర్నాటి నుంచి నెలరోజులు సూరమ్మ బుట్ట లేకుండా, తలంటుకుని, పూలు పెట్టుకుని అదే బస్సెక్కింది. బస్సు మాత్రం కంపు కొట్టేది. ఏ సీటు కింద ఎండు మెత్తళ్లు ఉన్నాయో వెతకలేక కండక్టరు వేరే రూటుకి మార్పించుకున్నాడు.

అలాంటి మనిషి జోలికి వచ్చారు మాధవరాజుగారు.

భీమవరం వైపు ఎనభై ఎకరాల రొయ్యల చెరువులున్న మనిషి. మర్యాదలో వంక పెట్టలేం. కుక్కని అదిలించినా చివర 'అండి' తగిలిస్తారు, మా పాలెం వాళ్లకి తప్ప. తిప్ప కింద, సముద్రానికి ఎదురుగా ఉన్న పల్లపు ఇసకలో ఇరవై గుడారాలు వేయించారు. లోపల ఏసీ, తెల్లటి పరుపు, రాత్రికి ఆరువేలు. వచ్చినవాళ్లు పరుపుల మీద పడుకుని ఫొటోలు దిగేవారు, ఆకలి వేయగానే తిప్ప ఎక్కి సూరమ్మ దగ్గర తినేవారు. రెండోసారి వచ్చేటప్పుడు గుడారం కూడా ఆవిడ దగ్గరే వేసుకునేవారు. అది రాజుగారికి కంట్లో ఇసకయింది.

సత్తియ్య కంటి ఆపరేషన్‌కని సూరమ్మ నర్సాపురం వెళ్లిన రోజున రాజుగారి జేసీబీ తిప్ప ఎక్కింది. తిరిగొచ్చేసరికి పాక లేదు, పొయ్యిలు లేవు, వాళ్లమ్మ ఇచ్చిన మట్టి దాక పెంకులై ఇసకలో కలిసింది. ఒక కంటికి కట్టుతో సత్తియ్య ఆ పెంకులు ఏరుతుంటే రాజుగారు గొడుగేసుకుని వచ్చారు. నేను ఆటో దగ్గరే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"పీకించేశాను సూరమ్మా. తిప్పకి నీ దగ్గర కాగితం ఏదీ లేదు కదా. ఇక మీద ఇక్కడ కార్లు ఆగుతాయి. నువ్వు మా వంటశాలలో గిన్నెలు కడుగు, జీతం ఇస్తాను."

"ఆయ్," అంది సూరమ్మ.

మా వైపు ఈ మాట వినని చెవి ఉండదు. అవును అనడానికీ అదే, వినబడింది అనడానికీ అదే. మిగతాది అన్న మనిషి కడుపులో ఉంటుంది. రాజుగారికి అవుననే వినబడింది. సూరమ్మ నిజంగానే మర్నాటి నుంచి గిన్నెలు కడగడానికి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. పగంతా ఏమైపోయింది పిన్నీ అని ఎగతాళి చేశాను.

"పొయ్యి మీదే ఉందిరా. ఇంకా కాగలేదు," అంది.

ఆశ్వయుజ అమావాస్యకి సముద్రం గుడారాల తాళ్ల దాకా వచ్చి వెళ్లింది. రాజుగారు భయపడ్డారు. రొయ్యల రైతుకి నీళ్లంటే ఒకటే మందు తెలుసు, గట్టు. జేసీబీతో బంకమట్టి తెప్పించి సముద్రం వైపు నిలువెత్తు గట్టు వేయించారు, అటూ ఇటూ అంతే. వెనక కాలువ వైపు మాత్రం పడవ షికారుకి దిగేవాళ్లకి అడ్డుగా ఉంటుందని మోకాలెత్తులో ఆపారు. ఆపి, సూరమ్మని పిలిపించారు.

"ఈ తీరం నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాలువ వైపు ఈ మాత్రం చాలు కదా?"

"ఆయ్."

"కార్తీక పౌర్ణమి పోటు కూడా ఆగుతుంది కదా?"

"ఆయ్ అండి."

వాళ్ల వంటశాలకి తెచ్చిన ఐసు దించుతూ నేను నవ్వాపుకోలేక గడ్డని కాలి మీద వేసుకున్నాను. పౌర్ణమికి సముద్రం ముందు గుమ్మం తట్టదని, మొగలోంచి కాలువలోకి ఎక్కి దొడ్డిగుమ్మం నుంచి వస్తుందని మా పాలెంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నీళ్లు మోకాలు దాటవని సూరమ్మ లెక్క. మునిగేవి రెండే, పరుపులూ పరువూ.

పౌర్ణమినాడు ఇరవై గుడారాలూ నిండాయి. తెల్లారి సముద్ర స్నానాలు అయ్యాయి. ఎనిమిదింటికి అందరూ బల్లల దగ్గర పెసరట్లు తింటున్నారు. పెళ్లాం వెంట అక్కడే పనికి కుదిరిన సత్తియ్య, నీళ్లలో ఎవరికీ కరెంటు కొట్టకుండా, డీజిలు పోయాలన్న వంకతో అప్పటికే జనరేటరు ఆపేశాడు. అప్పుడు వచ్చింది నీరు. చప్పుడు లేదు, అల లేదు. పిల్లి వంటింట్లోకి వచ్చినట్టు కాలువ గట్టు దాటి లోపలికి వచ్చింది. చెప్పులు తేలాయి, కుర్చీలు తేలాయి. కాసేపటికి తెల్లటి పరుపులు పాలు తాగిన గేదెదూడల్లా ఉబ్బి కూర్చున్నాయి. జనం పంచెలు, పంజాబీ డ్రెస్సులు ఎత్తి పట్టుకుని తిప్ప ఎక్కారు.

తొమ్మిదిన్నరకి పోటు తీసింది. బయట సముద్రం ఎంచక్కా వెనక్కి పోయింది. లోపలిది పోలేదు. రాజుగారి గట్టు అంత గట్టిది. చుక్క వదలకుండా మోకాలి లోతు నీళ్లని పట్టుకుని నిలబడింది. రాజుగారు సముద్రం ఒడ్డున చెరువు తవ్వించుకున్నారు. అందులో అప్పటికే ముప్పై కౌంటు, అంటే కిలోకి ముప్పై తూగే రొయ్యలు తిరిగాయి. ఇది నేను చూశాను, ఎవరు అడ్డొచ్చినా చెబుతాను.

ఆ బంకమట్టి పారలకి లొంగదు. గట్టు కొట్టాలంటే జేసీబీ తిప్ప మీదుగానే దిగాలి, వేరే దారి లేదు. ఆ దారికి అడ్డంగా, సరిగ్గా తన పాక ఉన్నచోట, సూరమ్మ మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించేసింది. కార్తీక పౌర్ణమి కాబట్టి చేపల మాట లేదు, కంద బచ్చలి కూర, వేడన్నం. తడిసినవాళ్లందరికీ విస్తళ్లు వేసి కూర్చోబెట్టింది. రాజుగారు తడి ప్యాంటు ఈడ్చుకుంటూ పైకొచ్చారు. ఆయనకి మాత్రం విస్తరి వేయలేదు.

"పొయ్యి తియ్యి సూరమ్మా, బండి రావాలి."

"తినేవాళ్ల విస్తళ్ల మీదుగా తోలతారండి?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఆ రోజు అడిగితే నీళ్లు రావన్నావు."

"నేనెక్కడన్నానండి. ఆయ్ అన్నాను."

"ఆయ్ అంటే అవుననేగా?"

"నా పాక పీకించేశానన్నారు. అప్పుడూ ఆయ్ అనే అన్నాను. ఒప్పుకున్నాననుకున్నారేంటండి?"

తింటున్న చేతులు ఆగిపోయాయి. ఫోన్లు లేచాయి. ఎడమ చేతులతోనే అయినా చక్కగా తీశారు. ఏం కావాలో చెప్పమన్నారు రాజుగారు. ఈ తిప్ప ఎవరిదో అందరికీ వినబడేలా చెప్పమంది సూరమ్మ.

"సూరమ్మది," అన్నారు ఆయన ఇసకలోకి చూస్తూ.

"గాలండి. వినబడలేదు."

"సూరమ్మది."

"వెనక బంతిలో వాళ్లకండి."

మూడోసారి చెప్పినప్పుడు బోరింగు దగ్గర నీళ్లు కొడుతున్న చెవిటి ముసలాడు కూడా తల తిప్పాడు. అయినా పొయ్యి తీయలేదు. రాజుగారి పనివాళ్లే తాటాకులు తెచ్చి, రాటలు పాతి, ఉన్నచోటే పాక కట్టాలంది. కట్టేసరికి సాయంత్రం నాలుగైంది. అంతసేపూ ఇరవై పరుపులు ఉప్పునీళ్లు తాగుతూనే ఉన్నాయి. సూరమ్మ రాట పక్కన పీట వేసుకుని, ఒక్కో ముడీ బిగిసిందో లేదో లాగి చూస్తూ, రెండు ముళ్లు విప్పించి మళ్లీ వేయించింది.

మార్గశిరం రాకముందే రాజుగారు గుడారాలు ఎత్తేశారు. ఇంక చల్లారిందా పిన్నీ అని అడిగాను. రంగు డబ్బా, రేకు తెచ్చి నా ముందు పెట్టి బోర్డు రాయమంది. నా చేతిరాత చూసి అచ్చు యంత్రాలు సిగ్గుపడతాయని ఆవిడకి తెలుసు. ఆవిడ చెప్పినట్టే రాశాను. ఇక్కడ టెంటు వేసుకోవడానికి స్థలం ఉంది, ఎవరైనా రావచ్చు, మాధవరాజుగారు తప్ప.

అంత చేసిన మనిషికి గారు ఎందుకు, కొట్టేస్తానన్నాను. సూరమ్మ నా చేతిలో కుంచె పట్టుకుని ఆపింది.

"ఉంచరా. మర్యాద మానేస్తే ఏ మాధవరాజో అనుకుంటారు, నేనెవరి మీద కోపగించుకున్నానో జనానికెలా తెలుస్తుంది."

ఉంచాను. ఆ రెండక్షరాలకీ రంగు ఇంకో పూత వేశాను.