ఆవిరి పట్టిన గుడ్డ

మొన్న మా వీధిలో ఎవరో గుగ్గిలం కాచారు. ఆ ఘాటు వాసన కిటికీలోంచి రాగానే, ఆళ్లగడ్డలో కోమలమ్మగారి రేకుల షెడ్డులో నిలబడ్డట్టే అనిపించింది.

అహోబిలం అర్చకుల ఇంటి ఆడపడుచు ఆమె. నంద్యాలలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని, డెబ్బైల చివర్లో పత్తి బేళ్లు వానకు తడవకుండా కప్పే గుడ్డ పట్టలు తయారుచేయడానికి ఆ షెడ్డు పెట్టారు. బీఎస్సీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. గుగ్గిలం, ఆముదం కలిపి కాచి కారే బకెట్లకు పూయడం మా వైపు అందరికీ తెలిసిందే. గుడ్డకు పూస్తే మాత్రం ఆరాక మడత దగ్గర పెళుసుగా విరిగేది. ఎన్నో రకాలుగా ప్రయత్నించి, పూత పచ్చిగా ఉండగానే ఆవిరి పట్టిస్తే విరగదని ఆమె కనిపెట్టారు. ఆ గుడ్డను మడిచి, విప్పి, నా చేతిలో పెట్టారు.

“ఇరగలేదు చూడు పాపా. ఇంగ దీన్ని ఇడిసిపెట్టేది లేదు.”

షెడ్డులో భాగస్థుడు, నంద్యాల వ్యాపారి సుబ్బయ్యశెట్టి ఒకటే మాట అన్నాడు. “పేటెంటు రాకుంటే పెద్ద కంపెనీవోళ్లు ఇదే చేస్తారమ్మా. మనం షెడ్డు మూసుకోవాల్సిందే.”

దరఖాస్తు పెట్టాం. విచారణకు మద్రాసు వెళ్లాం. అక్కడి అధికారి నెమ్మదస్తుడు, తెలుగువాడే. “అమ్మా, ఈ మిశ్రమం పాతది. మీరు దాంట్లో ఒక కొత్త గుణం తెలుసుకున్నారు. తెలిసిన పదార్థానికి కొత్త గుణం కనుక్కున్నంత మాత్రాన చట్టం పేటెంటు ఇవ్వదు” అన్నారు.

బయటికొచ్చాక నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

“యాలనే ఏడుస్తాండావు? ఆయప్ప చెప్పింది నిజమే. మిశ్రమం మాదేనని రాసినాం. అడగకూడంది అడిగినాం. గుణం గుగ్గిలానిది. దాంతో మనం చేసిన పని మనది. పనినే అడుగుదాం” అన్నారు కోమలమ్మగారు.

ఊరికి తిరిగి వచ్చీ రాగానే దరఖాస్తులో హక్కు కోరిన భాగమంతా కొట్టేసి నాచేత మళ్లీ రాయించారు: పూత ఎంత వేడిగా ఉండాలి, ఆవిరి ఎప్పుడు తగలాలి, గుడ్డను ఎలా ఆరబెట్టాలి. “ఇంగ చాలించమ్మా” అన్నాడు శెట్టి. “మీరు పోవాలంటే పోండప్పా. నేను ఆగను” అన్నారామె. ఆయన పోలేదు. ఆ వేసవంతా పొయ్యి దగ్గరే గడిపాం. ఆవిరి పట్టించిన గుడ్డలు, పట్టించనివి పక్కపక్కన మడిచి చూశాం.

రెండోసారి విచారణలో ఆమె రెండు గుడ్డలు బల్ల మీద పెట్టారు. అధికారి తన చేతులతోనే మడిచారు. ఒకదాని పూత పొడిపొడిగా రాలింది. రెండోది చెక్కుచెదరలేదు.

“పూత, ఆవిరి, ఆరబెట్టడం, ఈ వరసలో ఇంతకుముందు ఎవరైనా చేశారా?” అని అడిగారు.

“ఎవురూ చేయలేదు సార్. మిశ్రమం అందరిదీ. బకెట్లకు ఎవురైనా పూసుకోవచ్చు. ఈ వరస మాత్రం మాది.”

ఆ పద్ధతికి పేటెంటు వచ్చింది. పెద్ద షెడ్డు లేచింది. ప్లాస్టిక్ పట్టలు వచ్చేదాకా కోమలమ్మగారి పట్టలు బనగానపల్లె, నందికొట్కూరు దాకా లారీల మీద తిరిగాయి.

ఇప్పుడు నా పని ఇతరుల కోసం పేటెంట్లు రాయడం. దరఖాస్తు తిరగ్గొట్టారని ముఖం వేలాడేసుకుని వచ్చేవాళ్లను నేను ఓదార్చను. కుర్చీ చూపించి, కలం మూత తీస్తాను.