పాత్ర ఖాళీగా ఉన్న గంటలు

మా అమ్మాయికి పాలు పడవు. రెండున్నరేళ్ళ పిల్ల, పాలపొడి కలిసిన బిస్కెట్టు ముక్క నోట్లో పెట్టుకున్నా చాలు, పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక గిలగిలలాడిపోతుంది. అందుకే ఏ పొట్లమైనా వెనకనున్న సన్నటి అక్షరాలు చదవనిదే గుమ్మం దాటి లోపలికి రానివ్వను. మొన్న ఒక కొత్త రకం బిస్కెట్లు కొన్నప్పుడు, అనుమానం తీరక, పొట్లం మీది నంబరుకు ఫోన్ చేసి, ఇవి తయారయ్యే యంత్రం మీద అంతకుముందు పాలతో చేసినవి కూడా నడుస్తాయా అని అడిగాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, తమ పరీక్షల రిపోర్టు శుభ్రంగా ఉందని చెప్పింది. నేనడిగింది అది కాదమ్మా అనబోయి ఆగిపోయాను. అదే జవాబు, అంతే మర్యాదగా, ఒకప్పుడు నేనూ ఒక పెద్దమనిషికి ఇచ్చాను. పిల్ల నిద్రపోయింది గనుక ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళూ మావారికి కూడా చెప్పలేదు.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయిన నాకు నాచారంలో, తినుబండారాలలో కలిపే రుచుల పొడులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో మొదటి ఉద్యోగం దొరికింది. మా నాన్న రైల్వేలో చేసేవారు, ఇల్లు లాలాపేట్‌లో. పొద్దున్నే బస్సు దిగి ఆ వీధిలోకి తిరిగేసరికి ఒక గేటు నుంచి వేయించిన ధనియాల వాసన, ఇంకో గేటు నుంచి మందుల ఘాటు వచ్చేవి. తెల్లకోటు వేసుకుని ల్యాబులో నిలబడితే ప్రపంచంలో నాకు తెలియనిది లేదనిపించే వయసు. నా ఈడువాళ్ళకు ఆ పొగరు గుర్తుండే ఉంటుంది.

మా పొడులు విదేశాలకు పోవాలంటే కొందరు కొనుగోలుదారులు కోషర్ పత్రం అడిగారు. అంటే యూదుల ధర్మగ్రంథమైన తోరా నియమాల ప్రకారం తినదగినదని వాళ్ళ పెద్దలు ఇచ్చే పత్రం. వాళ్ళు పాలనూ మాంసాన్నీ కలవనివ్వరు. రెండింటిలో దేనికీ చెందని పొడి చేయాలంటే, అంతకుముందు పాలు కాగిన పాత్రను ఇరవై నాలుగు గంటలు ఖాళీగా ఉంచి, ఆ తరువాత నిండా నీళ్ళు పోసి పొంగిపొర్లేదాకా మరిగించాలి. దాన్ని చూడడానికి ముంబై నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన మనిషి, తల మీద చిన్న టోపీ. నాలాగే కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీలో పని చేసి రిటైరయ్యారు.

బుధవారం ఆయనకు ఫ్యాక్టరీ చూపించే పని నాకే పడింది. క్యాంటీనులో మా అన్నం ముట్టుకోక, తెచ్చుకున్న అరటిపళ్ళు తింటూ, హిందీలో ఎన్నో సంగతులు చెప్పారు. ఎప్పుడో ఓడ మునిగి వాళ్ళ పూర్వీకులు కొంకణ తీరానికి కొట్టుకొచ్చారట, గానుగ ఆడించి నూనె అమ్ముకుని బతికారట. పుస్తకాలు పోయాయి, ప్రార్థనలు చాలామట్టుకు మరిచిపోయారు, కానీ శనివారం గానుగ ఆపడం మాత్రం మరవలేదు. ఊళ్ళోవాళ్ళు ఆ గుర్తుతోనే వాళ్ళకు పేరు పెట్టారట. నేను ఊరుకోక, స్టీలు పాత్ర పాలను పీల్చుకోదని మీకూ తెలుసు కదా, మరి ఈ గంటల లెక్క ఎందుకని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

“తెలుసు బేటీ. అదీ తెలుసు, ఇదీ తెలుసు. ఒకదాని చేత రెండోదానికి సాక్ష్యం చెప్పించను.”

గురువారం పొద్దున్నుంచి పాత్ర ఖాళీగా ఉంచమని, శుక్రవారం పదకొండుకు వస్తానని, సాయంత్రం పొద్దుగూకితే తనకు విశ్రాంతి దినం మొదలవుతుంది గనుక ఆలోగా పని ముగించాలని చెప్పి వెళ్ళారు.

గురువారం సాయంత్రం అర్జెంటు ఆర్డరొకటి వచ్చింది. గోదావరి వైపువారైన మా మేనేజరు గారు ఆ పాత్రలోనే పాలపొడి బ్యాచ్ ఎక్కించారు. అది తెల్లవారుదాకా నడిచింది. నేను వచ్చేసరికి కడిగేశారు. పాత్ర లోపల దూదిపుల్లతో తుడిచి పరీక్ష చేస్తే పాల జాడే లేదు. నిజం చెబితే శని, ఆదివారాలు గడిచి ఆయన మళ్ళీ సోమవారమే రావాలి, సరుకు ఓడకు అందదు.

“ఏమ్మా, రిపోర్టు బాగానే ఉందిగా. ఆయన అడిగితే నువ్వే చెప్పు. చదువుకున్న పిల్లవి, నువ్వు చెబితే బాగుంటుంది” అన్నారు మేనేజరు గారు.

పాత్ర నడిపే ఆపరేటర్ అన్న నా మొహం చూసి నవ్వాడు. “ఏంది మేడం, గింత ఫికర్ జేస్తున్నవ్? గిన్నెకు గూడ ఉపాసం పెడ్తరా ఎవలన్న?”

అందరం నవ్వాం. ఎక్కువ నవ్వింది నేనే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, భయపడ్డాను అని చెప్పుకుంటే కొంత గౌరవంగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. పాత్ర శుభ్రమని నా చదువు నాకు చెప్పింది, గంటలు లెక్కపెట్టే ఆయన నా కంటికి చిన్నగా కనిపించారు. మా ఇంట్లో కోడిగుడ్డు ఉడికే గిన్నె వేరుగా ఉండేది, దాన్ని మా అమ్మ తక్కినవాటితో కలిపి తోమేది కాదు. ఆమెను నేనెన్నడూ ఎందుకని అడగలేదు.

ఆయన వచ్చి, పాత్ర ఎన్ని గంటలుగా ఖాళీగా ఉందని అడిగారు. నేను రిపోర్టు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి వరుసా శ్రద్ధగా చదివారు. మంచి పని చేశావని మెచ్చుకున్నారు కూడా.

“ఇది పాత్రలో ఏముందో చెబుతుంది. దానిలో ఎప్పుడేం కాగిందో నాకు కావాలి. పనిమంతులు తమ పనికి మచ్చ తెచ్చుకోరని మా పెద్దలు నమ్మారు. నువ్వు కెమిస్టువి. నీ నోటితో చెప్పు చాలు.”

“ఇరవై నాలుగు దాటింది సర్” అన్నాను.

ఆయన తలూపి నీళ్ళు పోయించారు. నీళ్ళు పొంగి నేల మీద పారుతుంటే, ప్యాంటు అంచులు తడిసినా వెనక్కి జరగకుండా చూస్తూ నిలబడ్డారు. పత్రం వచ్చింది, సరుకు వెళ్ళింది, నా ఉద్యోగం ఖాయమైంది.

ఆరునెలలకు ఆయన మళ్ళీ వస్తున్నారని తెలిసి, జ్వరమని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మర్నాడు వెళ్తే ఆపరేటర్ అన్న నవ్వుతూ ఎదురొచ్చాడు.

“పెద్దసారు నీ కోసమే అడిగిండు మేడం. మేనేజర్ సారు ఎంత జెప్పినా ఇనలే. గా కెమిస్టు బిడ్డ జెప్తెనే సంతకం పెడ్త అన్నడు. సోమవారం మల్లొస్తడంట.”

సోమవారం వచ్చారు. ఈసారి పాత్ర నిజంగానే ఖాళీగా ఉంది, శనివారం సాయంత్రం నుంచి తాళం వేయించి నేనే కాపలా కాసినట్టు చూసుకున్నాను. నలభై గంటలని చెప్పాను. ఆయన అదే విధంగా తలూపారు. నిజానికీ అబద్ధానికీ ఆయన మొహంలో ఒకే నమ్మకం. పోయినసారిది కూడా చెప్పేద్దామని గేటుదాకా వెంట నడిచాను. ఆటో వచ్చింది, సుఖంగా ఉండు బేటీ అంటూ ఎక్కి వెళ్ళిపోయారు.

నా మాట వల్ల ఎవరికీ జబ్బు చేయలేదు, నాకు తెలుసు. అయినా ఎవరో ఒకామె నాలాగే పొట్లం తిప్పి చూసుకుని, దాని మీది కోషర్ గుర్తును నమ్మి, పిల్లలకు పెట్టి ఉంటుంది. ఆమె తినకూడదనుకున్నదాన్ని ఆమెకు తెలియకుండా తినిపించడానికి నా డిగ్రీ నాకు హక్కు ఇవ్వలేదు. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఉద్యోగం మానేసి ఉప్పల్‌లో కాపురమున్న నాకు ఇది అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పోయిన నెల చర్లపల్లి స్టేషనులో ఆపరేటర్ అన్న కనిపించాడు, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. పెద్దాయన ఎలా ఉన్నారని అడిగాను. ఆయన రావడం మానేసి చాలా కాలమైందట, బతికున్నారో లేదో తెలియదట. ఇప్పుడు వచ్చే కుర్రాయన ఎవరినీ ఏమీ అడగడట.

“గిన్నెకు మీటర్లు పెట్టిన్రు మేడం. ఎప్పుడు కాగింది, ఎప్పుడు సల్లారింది అంత కంప్యూటర్ల పడ్తది. గాయిన జూస్తడు, పోతడు. మన మాటతోని ఏం పని?”

మంచిదే. నాలాంటిది ఇంకొకతె అక్కడ తెల్లకోటు వేసుకుని నిలబడితే, ఆమె అబద్ధం ఇక చెల్లదు. సంతోషించాలి. కానీ ఒక మనిషి ఇంకో మనిషి కళ్ళలోకి చూసి, నీ నోటితో చెప్పు చాలు అనడం ఆ వీధిలో లేకుండా పోయింది. అలా అడిగించుకునే భాగ్యం నాకు రెండుసార్లు దక్కింది. ఇప్పుడు నిజం చెబుదామంటే, అడిగేవాళ్ళు లేరు.